చింతదిబ్బ వెనక కుళాయి

నరసాపురం కోర్టు ఆవరణలో ఖండవల్లి తబితను అందరూ లేసు లాయరమ్మ అంటారు. కేసు పిలిచేదాకా వరండా మెట్ల మీద కూర్చుని, నల్లకోటు ఒళ్ళో పెట్టుకుని, సన్నటి సూదితో లేసు అల్లుకుంటూ ఉంటుంది. ఆ పేరు మొదట్లో ఎగతాళికి పెట్టిందే. తల్లి దీనమ్మ లేసు ఏజెంట్లకు అల్లి అల్లి చూపు పోగొట్టుకుంది. ఆ అల్లికతోనే కూతురి లా చదువు గడిచింది. తండ్రి రేవులో గోదారి దాటించే పంటు మీద తాళ్ళు కట్టే పని చేసేవాడు. ఆమె కాలేజీలో ఉండగానే పోయాడు.

చదువయ్యాక జూనియర్‌గా చేరడానికి తబిత చాలా ఆఫీసుల చుట్టూ తిరిగింది. దళితపేట పిల్ల అని తెలిశాక కొందరు ఖాళీ లేదన్నారు, కొందరు ఫోను ఎత్తడం మానేశారు. రాజేంద్ర గారొక్కరే రేపటి నుంచి రమ్మన్నారు. క్రిమినల్ కేసుల్లో ఆయన క్రాస్ ఎగ్జామినేషన్ గురించి జిల్లా అంతా చెప్పుకుంటారు. గొంతు పెంచరు, ఎంతటి సాక్షినైనా మీరు అనే పిలుస్తారు, మెత్తగా మాటల్లోకి దింపి ఒక్క ప్రశ్నతో కాళ్ళ కింద నేల లాగేస్తారు. ఆయన తాగే గ్లాసులాంటి గ్లాసులోనే తబితకూ కాఫీ వచ్చేది. ఆ సంగతి ఆమె మరచిపోలేదు. సొంతంగా ప్రాక్టీసు పెట్టుకున్నాక కూడా ఆయన ఎదురుపడితే లేచి నిలబడేది.

చింతదిబ్బ నుంచి రత్నమాణిక్యం వచ్చింది ఆ రోజుల్లోనే. సముద్రానికి దగ్గర్లో ఉన్న ఊరది. రొయ్యల చెరువులు వచ్చాక అక్కడ ఏ బోరు తవ్వినా ఉప్పునీళ్ళే. కాలవ నీళ్ళతో నింపే పంచాయతీ మంచినీళ్ళ చెరువు ఒకటి, దాని గట్టున ఊరి పెద్దలు కమిటీగా ఏర్పడి నడుపుతున్న వాటర్ ప్లాంటు ఒకటి, ఇవే ఊరందరికీ దిక్కు. ప్లాంటుకి ముందు వైపు స్టీలు కుళాయిలు, పైన రేకుల నీడ. వెనక గోడకి చిల్లు పెట్టి ఒక పైపు వేలాడదీశారు. పేటవాళ్ళు టిన్నులు అక్కడ పట్టుకోవాలి. అలాగని ఎక్కడా బోర్డు లేదు. కట్టిన నాటి నుంచి అలా నడుస్తోందంతే.

వేసవిలో ఒక పొద్దున వెనక పైపులో నీళ్ళు ఆగిపోయాయి. రత్నమాణిక్యం చాలాసేపు చూసి, ముందుకి వచ్చి, ఖాళీగా ఉన్న కుళాయి కింద టిన్ను పెట్టింది. సగం నిండేసరికి ప్లాంటు చూసుకునే మనిషి వచ్చి టిన్నుని కాలితో తన్నాడు. అక్కడే కుర్చీలో ఉన్న కమిటీ ప్రెసిడెంటు దొరబాబు తిట్టలేదు, కొట్టలేదు. ఆ కుళాయి కడగమని మాత్రం చెప్పాడు.

"టిన్ను తన్నినందుకు రాలేదమ్మా," అంది రత్నమాణిక్యం, తబిత ఆఫీసులో బెంచీ చివర కూర్చుని. "నేను ముట్టుకున్న కుళాయిని నా ఎదురుగానే బ్లీచింగు పెట్టి తోమించారు. వరసలో ఉన్నవాళ్ళంతా చూస్తానే ఉన్నారు. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులోంచి పోలేదు."

ఆమె వయసులో దీనమ్మ కంటే చిన్నది. తబిత పిన్నీ అని పిలిచింది. కేసు పెడితే ఏమవుతుందో దాచకుండా చెప్పింది. ఏళ్ళు పడుతుందనీ, పని పోవచ్చనీ, తన పేటవాళ్ళే విసుక్కోవచ్చనీ చెప్పింది. రత్నమాణిక్యం అన్నీ విని, వేలిముద్ర ఎక్కడ వెయ్యాలని అడిగింది.

స్టేషన్లో ముందు రాజీ చేసుకోమన్నారు. తబిత పై అధికారుల దాకా వెళ్ళి, అట్రాసిటీ చట్టం కింద దొరబాబు మీదా ప్లాంటు మనిషి మీదా కేసు కట్టించింది. ఆ వారంలోనే చింతదిబ్బలో పేటవాళ్ళకి చెరువుల మీద పని ఆగిపోయింది. రొయ్యలకి మేత వెయ్యడానికి, కాపలాకి, పట్టడానికి, అన్నింటికీ పక్క మండలం నుంచి మనుషుల్ని వ్యాన్లలో దించుకున్నారు. వెనక పైపు పూర్తిగా మూసేశారు. పేట ఆడవాళ్ళు నీళ్ళకి పొరుగూరు నడవాల్సి వచ్చింది.

ఒక ఆదివారం సాయంత్రం దొరబాబు కారులో తబిత ఇంటికి వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో పళ్ళ సంచీ. దీనమ్మకు దణ్ణం పెట్టి మరీ కూర్చున్నాడు.

"నేను ఎవరికీ నీళ్ళు లేవనలేదండి లాయరు గారూ," అన్నాడు. "ముందు వచ్చే నీళ్ళూ వెనక వచ్చే నీళ్ళూ ఒకటే కదండీ. ఎవరి అలవాటు వాళ్ళది. దానికింత గొడవెందుకండీ? మీరు ఊ అంటే పేటలోనే కొత్త ప్లాంటు కట్టించేస్తాను. ఊళ్ళోదానికంటే పెద్దది. కేసు వెనక్కి తీసుకోండి చాలు."

తబిత ఆలోచించుకుని చెబుతానంది. గుమ్మం దాటుతూ అతను ఆగి, రాత్రిపూట స్కూటీ మీద కాలవ గట్టున ఒంటరిగా తిరగడం మంచిది కాదండీ అని, అక్కగారికి చెప్పినంత నెమ్మదిగా చెప్పి వెళ్ళాడు. దీనమ్మ పళ్ళ సంచీ తడిమి చూసి, అది బయట పెట్టెయ్యమంది.

మర్నాడు తబిత చింతదిబ్బ వెళ్ళి పేటలో చర్చి అరుగు మీద అందర్నీ కూర్చోబెట్టి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పింది. దాచే హక్కు తనకు లేదనుకుంది. చెప్పగానే సగం మంది మొహాలు విప్పారాయి. పేట పెద్ద చిట్టియ్య లేచాడు. మెడ మీద తువ్వాలు సర్దుకుంటూ, దాహం వేసినవాడికి నీళ్ళు కావాలిగానీ కుళాయి ఏ దిక్కున ఉంటే ఏమిటన్నాడు. ఇంటి గుమ్మంలోకి ప్లాంటు వస్తానంటే వద్దనడం పిచ్చితనమన్నాడు. ఆడవాళ్ళు కాళ్ళ వాపులు చూపించారు. ఒకామె ఏడ్చింది.

వాళ్ళు అడుగుతున్నది తప్పు కాదు. నరసాపురంలో తబిత ఇంటికి పొద్దున్నే నీళ్ళ ఆటో వస్తుంది. ఆమె మోయడం లేదు.

"ఇవాళ వేరే ప్లాంటు ఇస్తారండీ," అంది చివరికి. "అది తీసుకుంటే, వేరుగా ఉండటానికి మనమే సంతకం పెట్టినట్టు. రేపు బడిలో వేరే గది కట్టిస్తామంటారు, అది కూడా పెద్దదే కట్టిస్తారు. అయినా మోసేది మీరు. మీరేం చెబితే అదే చేస్తాను."

రత్నమాణిక్యం కూర్చున్న చోటు నుంచి లేవకుండానే, తోమించింది తను ముట్టుకున్న కుళాయిని కాబట్టి ఆ కుళాయి దగ్గరే తాను నీళ్ళు పట్టుకోవాలంది. మిగతావాళ్ళు కొత్త ప్లాంటు కట్టించుకున్నా తనకు కోపం లేదనీ, తన ఫిర్యాదు మాత్రం వెనక్కి తీసుకోననీ అంది. చిట్టియ్య తువ్వాలు విదిలించి లేచి వెళ్ళిపోయాడు. ఆ పూట ఏ సంగతీ తేలలేదు. కానీ ఫిర్యాదు ఉండగా కొత్త ప్లాంటు లేదని దొరబాబు కబురు పంపాడు. దాంతో పేటలో సగం మంది రత్నమాణిక్యంతో మాటలు మానేశారు.

విచారణ ఏలూరు ప్రత్యేక కోర్టులో. దొరబాబు తరఫున వకాల్తా వేసింది రాజేంద్ర గారు. ఆ కాగితం మీద సంతకం చూసి తబిత కాసేపు బార్ రూములోనే కూర్చుండిపోయింది. ఆయన ఏ దారిన వస్తారో ఆమెకు ముందే తెలుసు. క్రైస్తవంలోకి మారినవాళ్ళు ఎస్సీలు కారు కాబట్టి వాళ్ళకి అట్రాసిటీ చట్టం వర్తించదన్న వాదన అప్పటికే కోర్టుల్లో నడుస్తోంది. రత్నమాణిక్యం కాగితాల్లో ఎస్సీ. ఆదివారాల్లో చర్చి గాయక బృందంలో ముందు వరస.

సాక్ష్యానికి ముందు రోజు పేట కుర్రాళ్ళు రత్నమాణిక్యాన్ని వెంటబెట్టుకుని తబిత ఆఫీసుకి వచ్చారు. చర్చికి వెళ్ళనని ఒక్క మాట చెప్పించమన్నారు. గుడి దగ్గర రత్నమాణిక్యానికి బొట్టు పెట్టించి ఫొటో కూడా తీద్దామన్నాడు ఒకడు. ఎవరికి నష్టమని అడిగారు. తబిత వెంటనే కాదనలేకపోయింది. అవతలివాళ్ళు కోర్టులో ఎన్ని అబద్ధాలు చెప్పబోతున్నారో ఆమెకు తెలుసు. ఒక్క అబద్ధంతో కేసు నిలబడుతుంది.

రత్నమాణిక్యం ఆమెవైపే చూస్తోంది. "ఏం చెప్పమంటావమ్మా?"

"మీరు వెళ్తారా, వెళ్ళరా పిన్నీ?"

"వెళ్తాను గదా."

"అదే చెప్పండి," అంది తబిత. అన్నాక, తాను చేసింది ధైర్యమో తెలివితక్కువతనమో ఆమెకు తెలియలేదు. కుర్రాళ్ళు కుర్చీలు జరుపుకుంటూ వెళ్ళిపోయారు.

కోర్టులో తబిత ప్రభుత్వ లాయరు వెనక కుర్చీలో, బాధితురాలి తరఫున కూర్చోవాలంతే. లేచి అడ్డం పడే వీలు ఆమెకు లేదు. రాజేంద్ర గారు లేచి, రత్నమాణిక్యానికి మంచినీళ్ళు కావాలా అని అడిగారు. వద్దంది. ఇంటి విషయాలు అడిగారు, పిల్లల పేర్లు అడిగారు. ఏసుమణి, సమూయేలు అని చెప్పింది. మంచి పేర్లన్నారు. తబిత ఒళ్ళో చేతులు బిగించి కూర్చుంది. ఆ ప్రశ్న ఇక వచ్చేస్తోందని ఆమెకు తెలుసు.

"ఆదివారం పూట ఎక్కడుంటారమ్మా మీరు?"

"గుళ్ళోనండి."

"ఏ గుళ్ళో? రాముడి గుళ్ళోనా?"

"ఏసయ్య గుళ్ళోనండి. చర్చిలో."

"బాప్తిస్మం తీసుకున్నారా?"

"ఆయ్, తీసుకున్నానండి. గోదాట్లో ఇచ్చారు."

రాజేంద్ర గారు ఆగారు. ఆ ఒక్క క్షణం ఆయన చూపు తబిత మీద పడింది. తరవాత జడ్జిగారి వైపు తిరిగి, ఇక ప్రశ్నలు లేవన్నారు. కుళాయి గురించి గానీ, బ్లీచింగు గురించి గానీ ఆయన ఒక్క మాటా అడగలేదు. ఆ అవసరమే రాలేదు.

తీర్పు అనుకున్నట్టే వచ్చింది. బాధితురాలు క్రైస్తవురాలు కాబట్టి ఆ చట్టం కింద రక్షణ లేదనీ, నిందితుల మీద కేసు నిలవదనీ కొట్టేశారు. చింతదిబ్బలో బాణసంచా కాల్చారు. దొరబాబుని దండలతో ఊరేగించారు. చిట్టియ్య తబితకు ఫోను చేసి, మెల్లగానే, ఇల్లు కాలాక ఇప్పుడు ఏం చెయ్యమంటారని అడిగాడు. ఆమె అప్పీలు వేస్తానంది. అది ఎప్పటికి తేలుతుందో తనకే తెలియదు.

తీర్పు నాడే ఏలూరు కోర్టు మెట్ల దగ్గర రాజేంద్ర గారు ఎదురయ్యారు. తబిత అలవాటుగా పక్కకి తప్పుకుని నిలబడింది.

"ఆవిడకి నువ్వు వేరేలా చెప్పించి ఉంటే నా చేతిలో ఏం ఉండేది కాదు, అమ్మాయ్."

"తెలుసండి."

"చెప్పిస్తావనే అనుకున్నాను. ఓడిపోడానికి సిద్ధపడే వచ్చాను," అన్నారాయన. ఇంకా ఏదో అనబోయి, క్లయింట్లు పిలవడంతో వెళ్ళిపోయారు.

తరవాతి రోజులు తబితకు బాగా గడవలేదు. కేసులు తగ్గాయి. రోడ్డు మీద ఒక బైకు చాలాసార్లు ఆమె స్కూటీని ఆనుకుని వచ్చి హారను కొట్టి పోయింది. ఒకసారి కాలవలోకి తోసినంత పని చేసింది. దీనమ్మ రోజూ సాయంత్రం గుమ్మంలో కూర్చుని, స్కూటీ చప్పుడు వినేదాకా లోపలికి వెళ్ళేది కాదు. అయినా మానెయ్యమని ఒక్కనాడూ అనలేదు.

దారి దొరికింది కొత్త పుస్తకంలో కాదు. కాలేజీలో మొదటి ఏడాది చదివిన రాజ్యాంగంలోనే. పదిహేనో అధికరణం రెండో భాగం. ప్రభుత్వ సొమ్ముతో నడిచే బావుల దగ్గర, చెరువుల దగ్గర, జనానికి వదిలిన చోట్ల, మతం, జాతి, కులం కారణంగా ఏ పౌరుణ్ణీ అడ్డుకోకూడదు. ఏ పౌరుణ్ణీ అనే ఉంది. ఆ పౌరుడు ఆదివారం ఎక్కడుంటాడని అందులో లేదు. రత్నమాణిక్యం ఎవరన్నది ఇక ప్రశ్న కాదు. ఆ కుళాయి ఎవరిదన్నదే ప్రశ్న. తబిత లేచి గదిలో అటూ ఇటూ తిరిగింది. ఈ ముక్క ఏలూరు వెళ్ళకముందే ఎందుకు తట్టలేదని తనను తాను తిట్టుకుంది.

ఆమె హైకోర్టులో రిట్ వేసింది. అంతకుముందు హైకోర్టులో నిలబడి వాదించిన అనుభవం లేదు. పెద్ద లాయర్ని పెట్టుకోమని తోటివాళ్ళు చెప్పారు. అడిగిన ఇద్దరూ తప్పుకున్నారు. చివరికి అమరావతికి తానే బయల్దేరింది. రత్నమాణిక్యం కూడా వస్తానంది. బస్సులో ఇద్దరూ ఏమీ తినలేకపోయారు.

అక్కడా ఎదుటి బల్ల దగ్గర ఉన్నది రాజేంద్ర గారే. కమిటీ ప్రైవేటుదన్నారు. పెద్దలు చందాలు వేసుకుని పెట్టిన యంత్రాలన్నారు. ప్రైవేటు మనుషుల మీద రిట్ నడవదన్నారు. వెనక పైపు రద్దీ తగ్గించడానికి వేసిందే తప్ప దానికీ కులానికీ సంబంధం లేదన్నారు. ఆయన చెబుతుంటే అంతా సహజంగానే వినిపించింది. జడ్జిగారు తలాడిస్తూ రాసుకుంటున్నారు. తబిత లేచింది.

ప్లాంటు ఉన్న గట్టు పంచాయతీదనీ, నీళ్ళు పంచాయతీ చెరువువనీ, ఆ చెరువు నింపేది ప్రభుత్వ కాలవనీ చెప్పింది. యంత్రం ఎవరు కొన్నా, అందులోకి పోయేవీ బయటికి వచ్చేవీ జనం నీళ్ళేనంది.

"రద్దీ కోసమని అన్నారండి. అయితే ఆ వెనక పైపు దగ్గర ఊరివాళ్ళు ఒక్కరైనా, ఒక్కపూటైనా టిన్ను పెట్టారేమో చెప్పమనండి."

జడ్జిగారు రాజేంద్ర గారి వైపు చూశారు. ఆయన వెనక్కి తిరిగి దొరబాబు వైపు చూశారు. దొరబాబు నేల చూపులు చూశాడు. తబిత ఆయన దగ్గర పనిచేసినన్నాళ్ళలో జడ్జి ముందు రాజేంద్ర గారికి మాట దొరకని సందర్భం చూడలేదు. ఇప్పుడు చూసింది. ఆమెకు సంతోషం కలగలేదు. ఇంకా ఏం అంటారోనని భయంగానే నిలబడింది. ఆయన ఫైలు మూసి, చెప్పాల్సింది లేదని కూర్చున్నారు.

వెనక పైపు తీసేయాలని, అందరికీ ఒకే కుళాయి, ఒకే వరస ఉండాలని, పంచాయతీ ఆ ప్లాంటుని తన చేతిలోకి తీసుకోవాలని హైకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. బయట వరండాలో రత్నమాణిక్యం తబిత చెయ్యి పట్టుకుని, గెలిచామా అని మళ్ళీ మళ్ళీ అడిగింది.

కానీ ఉత్తర్వు ఊరు చేరేసరికి ప్లాంటుకి తాళం పడింది. రిపేరు అని అట్ట ముక్క వేలాడదీశారు. నడివేసవి. ఇప్పుడు ఊరికీ నీళ్ళు లేవు, పేటకీ లేవు. పేట మూలానే ఈ కష్టమని ఊళ్ళో మాట పుట్టించారు. మగవాళ్ళు గుంపులుగా పేట మొదట్లోకి వచ్చి నిలబడటం మొదలుపెట్టారు. రత్నమాణిక్యం ఇంటి మీద రాళ్ళు పడ్డాయి. ఒక రేకు పగిలి చిన్న మనవరాలి చెవి పక్కన చీరుకుపోయింది. ఆ కబురు విని తబిత మొదటిసారి వెనకడుగు వేసింది. కూతురి దగ్గరికి వెళ్ళి కొన్నాళ్ళు ఉండమని రత్నమాణిక్యాన్ని బతిమాలింది. ఆమె మనవరాల్ని పంపింది, తాను వెళ్ళలేదు.

కోర్టు ధిక్కారం కేసు వెయ్యడానికి తబిత మళ్ళీ అమరావతి వెళ్ళింది. ఈలోగా ఊళ్ళో ఇంకొకటి జరిగింది. సూర్యకళ అని, దొరబాబు ఇంటి వీధిలోనే ఉండే కౌలు రైతు భార్య, బిందె పట్టుకుని వెళ్ళి అతని అరుగు మీద కూర్చుంది. తాళం చెవి ఎక్కడని అడిగింది. పేటవాళ్ళ మీద ఆమెకేం ప్రేమ లేదు, ఆ మాట తానే చెప్పింది. మీ ఇంటికి ఆటోలో టిన్నులు దిగుతున్నాయి, మాకు దిగడం లేదని మాత్రం అంది. మధ్యాహ్నానికి ఆ అరుగు మీద చాలామంది ఆడవాళ్ళు చేరారు. ఆ మర్నాడు కోర్టు నోటీసు అందుకున్న అధికారులు పోలీసుల్ని వెంటపెట్టుకుని వచ్చి తాళం తీయించారు. వెనక పైపు కోసేసి గోడ చిల్లు సిమెంటుతో పూడ్చారు.

మొదటి పొద్దున తబిత అక్కడే ఉంది. పోలీసులు లాఠీలు పట్టుకుని రేకుల నీడలో నిలబడ్డారు. ఊరివాళ్ళు ఎదుటి అరుగుల మీద నుంచి చూస్తున్నారు. రత్నమాణిక్యం వచ్చి స్టీలు కుళాయి కింద టిన్ను పెట్టింది. నీళ్ళు పడ్డాయి. చాలాసేపటికి సూర్యకళ వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా, ఆమె వెనక తన టిన్ను దించింది.

అందరూ మారలేదు. కొన్ని ఇళ్ళవాళ్ళు ఇప్పటికీ ఆ ప్లాంటు మొహం చూడరు. నరసాపురం నుంచి టిన్నులు తెప్పించుకుంటారు. రొయ్యల చెరువుల మీద పని పేటలో అందరికీ తిరిగి రాలేదు. ఏలూరు తీర్పు మీద వేసిన అప్పీలు ఇంకా పిలవలేదు. రత్నమాణిక్యం ఫోను చేసినప్పుడల్లా దాని సంగతి అడుగుతుంది.

మొన్న వానలు మొదలయ్యాక, ఇంకేదో పని మీద చింతదిబ్బ మీదుగా వెళ్తూ తబిత ప్లాంటు దగ్గర స్కూటీ ఆపింది. పోలీసులు లేరు. పొద్దుటి వరస గట్టు మలుపు దాకా ఉంది. ఊళ్ళోంచి బైకు మీద వచ్చిన ఒకతను టిన్ను పట్టుకుని నేరుగా ముందుకి పోబోయాడు. వరస మధ్యలో ఉన్న చిట్టియ్య తువ్వాలు భుజం మీద వేసుకుని అతన్ని చూశాడు.

"వెనక నుంచి రండి బాబూ, అందరం నిలబడే ఉన్నాం," అన్నాడు.

అతను ఒక్క క్షణం ఆగాడు. అతను వరస పొడుగునా ఒకసారి చూసి, టిన్ను ఊపుకుంటూ చివరికి నడిచాడు. చిట్టియ్య ఒక అడుగు ముందుకి జరిగాడు.